టెక్సాస్‌లో తుపాకీ పాఠాలు – 4: గంటల తరబడి డ్రైవింగ్‌కి ఏ హోల్‌స్టర్?

డాలస్ నుంచి హ్యూస్టన్‌కి ఐ-45 మీద దాదాపు 240 మైళ్లు. మధ్యలో ఒకసారి ఆగినా నాలుగు గంటలు సీట్లోనే. షాపులో అద్దం ముందు నిలబడి చూసుకున్నప్పుడు చక్కగా కుదిరిన హోల్‌స్టర్ (తుపాకీని ఒంటికి పట్టి ఉంచే ఒర), దారిలో కోర్సికానా దాటేసరికి మేకులా గుచ్చడం మొదలుపెడుతుంది. నిలబడి కొన్నదాన్ని కూర్చుని వాడుతున్నాం మరి. కూర్చోగానే తొడ పైకి మడతపడుతుంది, పొట్ట ముందుకొస్తుంది, బెల్టు బిగుస్తుంది, వెనక సీటు ఒత్తుతుంది. అందుకే ఈ పాఠంలో హోల్‌స్టర్‌ని కూర్చునే కొలుద్దాం.

కొత్తగా చేరినవాళ్ల కోసం మొదటి పాఠంలోని ముఖ్యమైన మాట మళ్లీ చెప్తున్నా. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి గానీ, లాయర్‌ని అడగకుండా వాటి జోలికి పోవద్దు. గ్రీన్‌కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్లకు ఈ వీసా అడ్డంకి లేదు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, 21 ఏళ్లు నిండి చట్టప్రకారం అర్హత ఉన్నవాళ్లు లైసెన్సు లేకుండానే పిస్టల్ పెట్టుకోవచ్చు. ఊబర్, లిఫ్ట్ నడిపేవాళ్లు మాత్రం ఆశ పెట్టుకోకండి. రెండు కంపెనీలూ డ్రైవర్లు ట్రిప్పుల్లో తుపాకీ పెట్టుకోవడాన్ని నిషేధించాయి.

ఇక గడియారం లెక్క, అంటే నడుం చుట్టూ తుపాకీ పెట్టుకునే చోటుని గడియారం అంకెతో చెప్పడం. బొడ్డు 12, కుడి తుంటి 3, వెన్నెముక 6, ఎడమ తుంటి 9. కుడిచేతి వాటం వాళ్ల కోసం రాస్తున్నా. ఎడమచేతి వాళ్లు తిరగేసి చదువుకోండి. కానీ సీటుబెల్టు బకిల్ తిరగదు. అమెరికా కార్లలో డ్రైవర్‌కి అది ఎప్పుడూ కుడిపక్కే, సరిగ్గా 3, 4 దగ్గరే ఉంటుంది.

ఎక్కువమంది మొదట కొనేది 4 దగ్గర ప్యాంటు లోపల పెట్టుకునే రకం. నడిచేటప్పుడు దాని అంత సుఖం ఇంకోటి లేదు. కారులో మాత్రం అదే ఎక్కువ బాధపెడుతుంది. పిస్టల్ పిడి వెళ్లి సీటు పక్కన ఉబ్బెత్తుగా ఉండే దిండుకి ఆనుతుంది. సీటు దాన్ని ముందుకు నెడుతుంది, అది మన నడుముని నెడుతుంది. తెలియకుండానే ఎడమవైపుకి ఒరిగి కూర్చుంటాం, మర్నాడు నడుం పట్టేస్తుంది. పైగా చెయ్యి వెళ్లాల్సిన చోటే బకిల్ అడ్డం. 6 దగ్గర, అంటే వెన్ను మీద పెట్టుకోవడం గురించి ఒక్క ముక్క: వద్దు. వెనకనుంచి ఎవరైనా గుద్దితే వెన్నెముకకీ సీటుకీ మధ్య ఉండేది ఇనుము.

3 దగ్గర పెట్టుకుని బెల్టు బాగా బిగించేవాళ్లకి ఇంకో ఇబ్బంది వస్తుంది. తుంటి ఎముక ముందు అంచు దగ్గర తొడ చర్మానికి వెళ్లే నరం ఒకటి ఉంది. బిగుతు బెల్టూ బరువూ కలిసి గంటల తరబడి దాన్ని నొక్కితే తొడ బయటి పక్క తిమ్మిరెక్కుతుంది, మంటగా ఉంటుంది. బరువైన బెల్టులు కట్టే పోలీసుల్లోనూ ఇది కనిపించే సమస్యే. తిమ్మిరి మొదలైతే ఓర్చుకోవడం కాదు, చోటు మార్చాలి.

డ్రైవింగ్‌కి నా ఓటు ముందువైపుకే, 1 దగ్గర. దీన్ని అపెండిక్స్ అంటారు. బకిల్ అడ్డం రాదు, సీటు ఒత్తదు. కాకపోతే ఇక్కడ రెండు చోట్ల ఒత్తుకుంటుంది: పైన పిడి పొట్టలోకి, కింద గొట్టం చివర గజ్జల్లోకి. చాలామంది దీనికి చిన్న తుపాకీ కొనేస్తారు. సిగ్ పి365 అనే చిన్న పిస్టల్ గొట్టం 3.1 అంగుళాలు, మందం సుమారు అంగుళం, కాబట్టి కొంత మేలే. కానీ అంతకంటే ముందు ఎత్తు సరిచూడండి. హోల్‌స్టర్‌ని బెల్టుకి పట్టి ఉంచే క్లిప్‌కి రెండు మూడు స్క్రూ రంధ్రాలుంటాయి. ఒక్క రంధ్రం మార్చి తుపాకీని అర అంగుళం పైకి లేపితే గజ్జల్లో పోటు పోవచ్చు. మరీ లేపితే పిడి పక్కటెముకలకి తగులుతుంది, చొక్కా కింద ఉబ్బుగానూ కనిపిస్తుంది. హోల్‌స్టర్ కింది భాగంలో, ఒంటికి తగిలే వైపు, మెత్తని ఫోమ్ ముక్క అంటించి చూడండి. దీన్ని వెడ్జ్ అంటారు. ఒకే అంచు కోసుకుపోకుండా ఒత్తిడిని పరుస్తుంది, పిడిని లోపలికి వంచుతుంది. సీటు వీపుని కాస్త వెనక్కి వంచినా సగం బాధ పోతుంది.

ముందువైపు పెట్టుకున్నప్పుడు తుపాకీ మూతి మన తొడ వైపే చూస్తుంటుంది. కాబట్టి ట్రిగ్గర్ మొత్తాన్ని గట్టి గోడలా కప్పే హోల్‌స్టర్ తప్ప ఇంకేదీ పనికిరాదు. కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ దీనికి బాగా నప్పుతుంది. మెత్తని నైలాన్ సంచులు చవగ్గా దొరుకుతాయి, చేతికి హాయిగా ఉంటాయి, కానీ బట్ట మీదనుంచే ట్రిగ్గర్ నొక్కుకుపోవచ్చు. తోలు ఒంటికి మంచిదే. ఏళ్ల తరబడి చెమట తాగి మెత్తబడ్డ తోలు మడతపడి ట్రిగ్గర్ గార్డులో (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీలో) దూరడం వల్ల తుపాకీలు పేలాయి. అంచు వదులైతే ఆ హోల్‌స్టర్ పారేయాల్సిందే. కైడెక్స్‌కీ ఒక బలహీనత ఉంది: ఆగస్టు ఎండలో డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే వంకరపోవచ్చు.

పొట్ట పెద్దదైనవాళ్లకి 1 అసలు కుదరకపోవచ్చు. వాళ్లు 10 దగ్గర, అంటే ఎడమవైపు, పిడి కుడిచేతి వైపు తిరిగేలా పెట్టుకునే క్రాస్‌డ్రా చూడొచ్చు. కారులో అది నిజంగా సుఖం. దాన్ని దాచడానికే జాకెట్ కావాలి, టెక్సాస్ వేసవిలో జాకెట్ అంటే మీ ఇష్టం. భుజానికి వేలాడే రకంలోనూ జాకెట్ గొడవ ఉంది. అంతకంటే పెద్ద గొడవ, అడ్డంగా వేలాడే రకంలో తుపాకీ మూతి వెనక సీటు వైపు ఉంటుంది. వెనక ఎవరు కూర్చుంటారో మీకు తెలుసు. చీలమండకి కట్టుకోవాలనుకుంటే ఎడమ కాలి లోపలి పక్కన కట్టండి. ఆటోమేటిక్ కారులో ఆ కాలికి పని లేదు. బ్రేకు తొక్కే కుడికాలికి మాత్రం ఎప్పుడూ వద్దు.

స్టీరింగ్ కింద అయస్కాంతం బిగించి తుపాకీని దానికి అతికించే సరుకొకటి అమ్ముతున్నారు. కొనకండి. ట్రిగ్గర్‌కి కప్పు లేదు, గుద్దుకుంటే తుపాకీ ఎగిరి పెడల్స్ కింద పడొచ్చు, దిగేటప్పుడు మర్చిపోతే దొంగ పాలు. పైగా టెక్సాస్ చట్టం ప్రకారం కారులో పిస్టల్ బయటికి కనిపిస్తుంటే అది హోల్‌స్టర్‌లోనే ఉండాలి.

సీటుబెల్టు విషయంలో ఒకటే పద్ధతి. నడుం పట్టీ తుపాకీ మీదుగా కాకుండా దాని కిందుగా, తుంటి ఎముకల మీద చదునుగా పోవాలి. బెల్టు పెట్టుకున్నాక చొక్కా అంచుని పట్టీ పైకి లాగి వదలండి. అలా చేస్తే తుపాకీ పట్టీకీ పొట్టకీ మధ్య నలగదు.

ఇంకా ఒత్తుకుంటుంటే డ్రైవింగ్ చేస్తూ సర్దుకోవద్దు. ఎగ్జిట్ తీసుకుని ఆపండి. తీయాల్సి వస్తే హోల్‌స్టర్‌తో సహా తీయండి, తుపాకీని మాత్రం అందులోంచి లాగొద్దు. అందుకే క్లిప్ ముఖ్యం. టిచ్ బటన్ లూపులైతే బెల్టు విప్పకుండానే మొత్తం ఊడివస్తుంది. స్టీలు క్లిప్పులు గట్టిగా పట్టుకుంటాయి, తీయడానికి కాస్త తంటాలు పడాలి. బకీస్ లాంటి హైవే పెట్రోల్ బంకులో రెస్ట్‌రూమ్‌కి వెళ్తే ప్యాంటుతో పాటే హోల్‌స్టర్ కిందికి దిగనివ్వండి. తలుపు కొక్కేనికి తగిలించినవీ, టిష్యూ డబ్బా మీద పెట్టినవీ అక్కడే మిగిలిపోతాయి.

ఈ వారం అభ్యాసం: మ్యాగజైన్ (తూటాల డబ్బా) తీయండి, స్లైడ్ (పిస్టల్ పైభాగం) వెనక్కి లాగి చాంబర్‌లోకి (పేలే తూటా ఉండే చోటులోకి) చూడండి, వేలు పెట్టి తడిమి చూడండి. తూటాలు వేరే గదిలో పెట్టండి. ఇంట్లో నిలబడి ఖాళీ తుపాకీని మూడు నాలుగు సార్లు హోల్‌స్టర్‌లోంచి బయటికి తీయండి. హోల్‌స్టర్ బెల్టుకే ఉండాలి. తుపాకీతో పాటు అదీ పైకొస్తే ఆ క్లిప్ పనికిరాదు. తర్వాత ఖాళీ తుపాకీని హోల్‌స్టర్‌లో పెట్టుకుని, మీరు రోజూ కట్టే బెల్టుతో, మీ గరాజ్‌లోనే మీ కారు సీట్లో సీటుబెల్టు పెట్టుకుని 45 నిమిషాలు కూర్చోండి. ఇంజన్ ఆపే ఉంచండి. రోడ్డు మీద పార్క్ చేసి మాత్రం చేయకండి, పొరుగువాళ్లు 911కి ఫోన్ చేస్తారు. ఎక్కడ ఎర్రగా అచ్చు పడిందో అద్దంలో చూసి, గడియారం అంకెతో రాసుకోండి. వచ్చే పాఠం బెల్టు గురించి. అక్కడ ఆ అంకెతో పని పడుతుంది.