రోబోకి సొంత గేర్‌బాక్స్: ముందు లెక్క, తర్వాతే కటింగ్

మోటార్ 6000 ఆర్‌పీఎంతో తిరుగుతుంటే చక్రానికి 500 చాలనుకుందాం, అంటే వేగం 12:1 నిష్పత్తిలో తగ్గాలి. ఒకే జతతో చేస్తే పెద్ద గేర్ మరీ భారీగా తయారవుతుంది కాబట్టి 4:1, 3:1 అని రెండు దశలుగా విడగొట్టండి.

అసలు తలనొప్పి షాఫ్టుల మధ్య దూరం. మాడ్యూల్ (పంటి సైజును చెప్పే కొలత) 1లో 20, 60 పళ్ల గేర్లయితే, పళ్లు కలిపి సగం చేస్తే 40 మి.మీ. వస్తుంది, దానికి 0.05 నుంచి 0.1 మి.మీ. కలపండి, లేకపోతే పళ్లు బిగుసుకుని మోటార్ వేడెక్కుతుంది, మరీ ఎక్కువ వదిలితే గడగడలాడుతుంది.

షాఫ్టులను రెండు వైపులా పట్టుకునే ప్లేట్లు రెండింటినీ కలిపి క్లాంప్ చేసి బేరింగ్ రంధ్రాలు ఒకేసారి వేయండి. త్రీడీ ప్రింట్ గేర్లు ట్రయల్‌కి ఓకే, మోటార్ మీది చిన్న గేర్ మాత్రం స్టీలుదే పెట్టండి, ముందు అరిగేది అదే. మోటార్ బిగించకముందే చేత్తో తిప్పి చూడండి, ఎక్కడైనా పట్టేస్తుంటే గ్రీజు పూసి సరిపెట్టకుండా ప్లేట్ విప్పండి.