గిరిజన పిల్లల సంరక్షణ లెక్కలు: కొత్తగా చేరిన డేటా అనలిస్టుకు

గుంటూరు, విజయవాడల్లో బాలల సంరక్షణ పనిలో డేటా అనలిస్టుగా చేరితే మొదట చేతికొచ్చేది ఒక ఎక్సెల్ షీటు. పేరు, వయసు, కులం, తీసుకొచ్చిన తేదీ, చివర్లో రిమార్క్స్. యానాది, ఎరుకల, సుగాలి, చెంచు పిల్లల విషయంలో దాన్నుంచి నేరుగా నివేదిక తీస్తే హోమ్‌లో (బాలల సంరక్షణ గృహంలో) ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది, అంతే. బిడ్డ ఇంటికి ఎందుకు దూరమైంది, ఎన్నాళ్లకు తిరిగి వెళ్లింది అన్నవి తెలియవు. తెలియాల్సినవి అవే.

షీటును మూడు ముక్కలు చేయండి

పిల్లల టేబుల్‌లో ఒక్కో బిడ్డకు ఒకే వరుస. కేసుల టేబుల్‌లో సీడబ్ల్యూసీ (బాలల సంక్షేమ కమిటీ) ముందు హాజరుపరిచిన ప్రతిసారికీ ఒక వరుస. మూడోదాంట్లో ఏ హోమ్‌లో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉన్నారో రాయాలి. ఇలా విడదీయకపోతే రెండుసార్లు వచ్చిన బిడ్డ ఇద్దరైపోతుంది. కుటుంబ ఐడీ కూడా పెట్టండి. తోబుట్టువులను వేర్వేరు హోమ్‌లకు పంపారా అన్నది దానివల్లే బయటపడుతుంది. గురుకులం, ఆశ్రమ పాఠశాల పిల్లలను ఇందులో కలపొద్దు; వాళ్లు చదువుకోవడానికి వెళ్లినవాళ్లు.

డూప్లికేట్లు పట్టుకోవడానికి పుట్టిన తేదీని నమ్ముకోకండి. బడిలో చేర్చేటప్పుడు వేసిన జనవరి 1, జూన్ తేదీలు కుప్పలుగా కనిపిస్తాయి. తల్లి పేరు, ఊరు, సుమారు వయసు కలిపి పోల్చండి. అనుమానం మిగిలితే ఫైలు తెరిచి చూడాల్సిందే.

తేదీల కాలమ్‌ను ఓసారి కళ్లతో చూడండి. కొన్ని కుడివైపుకి, కొన్ని ఎడమవైపుకి అంటుకుని ఉంటే ఎక్సెల్ నెలను ముందు చదివిందని అర్థం: 03-04 మార్చి 4 అయిపోయింది, 12 దాటిన తేదీలు టెక్స్ట్‌గా మిగిలాయి. అన్నిటినీ టెక్స్ట్‌గానే దిగుమతి చేసి, ఎక్సెల్‌లోనే ఉండే పవర్ క్వెరీలో లొకేల్‌ను (ఏ దేశపు తేదీ పద్ధతో చెప్పే సెట్టింగును) ఇండియాకు పెట్టి మార్చండి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లను ముందు యూనికోడ్‌లోకి తెచ్చుకోవాలి.

'నిర్లక్ష్యం' అన్న ఒక్క మాటతో సరిపెట్టొద్దు

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. మిరప కోతల రోజుల్లో తల్లిదండ్రులు తెల్లవారకముందే చేలోకి వెళ్తే గుడిసెలో ఒంటరిగా దొరికిన పిల్లాడి పేరు పక్కన 'నిర్లక్ష్యం' అని పడుతుంది. కొట్టి ఒళ్లంతా వాతలు తేలిన పిల్లాడి పేరు పక్కనా అదే మాట. మొదటి కుటుంబానికి కావాల్సింది కూలి దొరకని నెలల్లో ఆసరా, పిల్లాడిని చూసుకునే మనిషి. ఈ రెండూ ఒకే గడిలో ఉంటే ఆ సంగతి ఎవరికీ కనబడదు.

ఆదాయం లేకపోవడం, వలస, తల్లిదండ్రుల మరణం, హింస, బాలకార్మికం, బాల్యవివాహం, తప్పిపోవడం: ఒక్కోదానికి ఒక కాలమ్ పెట్టి, ఎన్ని వర్తిస్తే అన్నిటికీ టిక్ పెట్టండి. రిమార్క్స్ చూసి కాదు, ఫారం 22 సామాజిక విచారణ నివేదిక చదివి. ఒకే 30 ఫైళ్లను ఇద్దరు విడివిడిగా కోడ్ చేసి (అంటే ఏ కారణాలకు టిక్ పెట్టాలో తేల్చి) పోల్చుకోండి. తేడా వచ్చిన చోట నిర్వచనం తిరగరాయాలి.

పక్కనే 'స్పాన్సర్‌షిప్ అడిగారా' అన్న కాలమ్ పెట్టండి. అది బిడ్డ ఇంట్లోనే ఉండేందుకు ఇచ్చే సాయం; కేంద్ర బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద బిడ్డకు నెలకు రూ. 4,000 వస్తుంది. ఆదాయం లేకపోవడం దగ్గర టిక్ ఉండి, ఈ కాలమ్ ఖాళీగా ఉన్న పేర్ల జాబితా నెలనెలా జిల్లా బాలల సంరక్షణ అధికారి టేబుల్ మీదికి వెళ్లాలి. హోమ్ అనేది ఆఖరి మార్గమని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 3వ సెక్షనే చెబుతోంది.

తెగ పేరును ఇంటిపేరు చూసి ఊహించొద్దు, కుటుంబాన్ని అడగాలి. 'ఎస్టీ' అని ఆపితే యానాదుల పరిస్థితి సుగాలీల లెక్కలో కలిసిపోతుంది. 'అడగలేదు', 'కాదు' వేర్వేరు కోడ్‌లు. కుల ధ్రువీకరణ పత్రం లేనంత మాత్రాన ఎస్టీ కాకుండా పోరు.

రోజులు లెక్కేసేటప్పుడు

సంవత్సరంలో 12 మంది నెలకొకరు చొప్పున వచ్చి నెల ఉండి వెళ్లారనుకోండి, ఒక్కరు మాత్రం ఏడాదంతా ఉన్నారు. మార్చి 31న లెక్కిస్తే హోమ్‌లో ఇద్దరే కనిపిస్తారు, సగం మంది ఏడాదిగా ఉన్నట్టు తేలుతుంది. నిజానికి 13 మందిలో ఒక్కరే. అందుకే ఫలానా ఏడాది చేరినవాళ్లందరినీ వెంటాడి లెక్కించండి. ఇంకా లోపలే ఉన్నవాళ్లను వదిలేసి సగటు తీస్తే అది తక్కువగా వస్తుంది. ఇంకా లోపలున్నవాళ్లను కూడా లెక్కలోకి తీసుకునే కాప్లాన్-మేయర్ పద్ధతి వాడండి, ఆర్ (R) భాషలో సర్వైవల్, పైథాన్‌లో లైఫ్‌లైన్స్ ప్యాకేజీలు చాలు. సీడబ్ల్యూసీ ముందు 24 గంటల్లో హాజరు, 15 రోజుల్లో సామాజిక విచారణ, 4 నెలల్లో తుది ఉత్తర్వు: ఈ గడువులకూ ఒక్కో కాలమ్ ఉండాలి.

2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి పల్నాడు, బాపట్ల విడిపోయాయి. విజయవాడ కృష్ణా జిల్లా నుంచి కొత్త ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. ఆ ఏడాది గుంటూరులో కేసులు తగ్గినట్టు గ్రాఫ్ చూపిస్తే సంతోషించకండి, రేపల్లె కేసులు బాపట్ల ఖాతాలోకి వెళ్లాయంతే. పాత డేటానంతా మండలాల వారీగా కట్టి, కొత్త జిల్లాలకు కూడండి. 2011 జనగణనను కూడా అలాగే.

నివేదిక బయటికి వెళ్లే ముందు

మాచర్ల మండలం, చెంచు, అమ్మాయి, 14 ఏళ్లు. పేరు రాయకపోయినా ఆ గూడెంలో అందరికీ తెలిసిపోతుంది. బిడ్డ ఎవరో బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. 5 కన్నా తక్కువున్న గడులు దాచండి. మొత్తం 11, బాలురు 8 అని వదిలేస్తే దాచిన 3 తీసివేతతో దొరికిపోతుంది కాబట్టి బాలుర గడినీ దాచాలి. అలా దాచిన ప్రతిని ముందుగా తండా, కాలనీ పెద్దలకు చదివి వినిపించండి. 'వలస' అని మీరు కోడ్ చేసింది అప్పు తీర్చడానికి చేపల చెరువు మీద కాపలాకు వెళ్లడమైతే, అది వాళ్లే చెప్పగలరు. దానికి కొత్త కోడ్ తెరిచి, పాత ఫైళ్లు మళ్లీ తీయండి.