ఎయిర్ ఫ్రైయర్‌లో మినీ డోనట్లు: రస్కుల్లా కాకుండా దూదిలా రావాలంటే

ఎయిర్ ఫ్రైయర్ పేరులో ఫ్రై ఉంది కానీ అది దేన్నీ వేయించదు. పైన కాయిల్ వేడెక్కుతుంది, దాని దగ్గరే ఫ్యాన్ తిరుగుతుంది, ఆ వేడిగాలి చిన్న బుట్టలో గిరగిరా తిరుగుతూ లోపల పెట్టినదాన్ని కాలుస్తుంది. అంటే అది గట్టి ఫ్యాన్ ఉన్న ఒక బుల్లి ఒవెన్. ఈ సంగతి సరిగ్గా అర్థం కాక నేను మొదటిసారి చపాతీ పిండిలా కాస్త గట్టిగా కలిపేసి, 200 డిగ్రీల మీద 8 నిమిషాలు పెట్టాను. చూడ్డానికి భలే రంగు వచ్చాయి గానీ చల్లారేసరికి రస్కుల్లా అయిపోయాయి, పిల్లలు ఒక్క ముక్క కొరికి పక్కన పెట్టేశారు. ఆ తర్వాత ఐదారుసార్లు చేసి చూసుకుని, పిండి కొలతలు, వేడి, టైమ్ అన్నీ మార్చుకుంటూ వస్తే ఇప్పుడు నచ్చినట్టు వస్తున్నాయి.

నూనెలో వేసినప్పుడు పిండి కొంత నూనె పీల్చుకుంటుంది, ఆ మెత్తదనం, ఆ రుచి సగం దాని వల్లే. ఎయిర్ ఫ్రైయర్‌లో అది లేదు, పైగా ఫ్యాన్ గాలి పిండిలో ఉన్న తడిని కూడా లాగేస్తుంది. కాబట్టి కొవ్వు ముందే పిండిలో ఉండాలి (వెన్న, గుడ్డు, పాలు), పిండి చేతికి అంటుకునేంత మెత్తగా ఉండాలి, బయటికి తీసిన వెంటనే పైన కరిగిన వెన్న రాయాలి. ఈ మూడూ చేస్తే చాలావరకు పని అయిపోయినట్టే. పెద్ద డోనట్ల కంటే మినీవి చేయమని నేను గట్టిగా చెప్పేది కూడా ఇందుకే, పెద్దది లోపలిదాకా ఉడికేలోపు పైన ఎండిపోతుంది, చిన్నది 5 నిమిషాల్లో ఉడికి బయటికి వచ్చేస్తుంది.

కొలతలు చెప్తాను, దాదాపు 20 మినీ డోనట్లకి. మైదా 250 గ్రాములు, అంటే మామూలు కొలత కప్పుతో 2 కప్పులు. పంచదార 40 గ్రాములు, అంటే 3 టేబుల్ స్పూన్లు. ఇన్‌స్టంట్ ఈస్ట్ ఒకటిన్నర టీ స్పూను. ఉప్పు అర టీ స్పూను. గోరువెచ్చటి పాలు 120 మిల్లీలీటర్లు. గుడ్డు ఒకటి. ఉప్పులేని వెన్న 40 గ్రాములు, ఫ్రిజ్‌లోంచి ముందే తీసి మెత్తబడనివ్వండి. పైన రాయడానికి ఇంకో 40 గ్రాముల వెన్న విడిగా ఉంచుకోండి. గుడ్డు తినని వాళ్లు గుడ్డు బదులు 2 టేబుల్ స్పూన్ల పెరుగు, ఒక టేబుల్ స్పూను పాలు అదనంగా వేసుకోవచ్చు, కొంచెం తక్కువ పొంగుతాయి కానీ మెత్తగానే ఉంటాయి. వీలైతే వంటింటి కాటా వాడండి, మైదాని కప్పులో అదిమి కొలిస్తే 30 గ్రాములు ఎక్కువ పడిపోవడం చాలా తేలిక, ఆ 30 గ్రాములతోనే పిండి గట్టిపడిపోతుంది.

పాల వేడి విషయంలో థర్మామీటర్ అక్కర్లేదు. పెరుగు తోడేయడానికి పాలు ఎంత వెచ్చగా ఉండాలో మన ఇళ్లల్లో అందరికీ తెలుసు, సరిగ్గా అంతే వేడి చాలు. వేలు పెడితే చురుక్కుమనే పాలు పోస్తే ఈస్ట్ చచ్చిపోతుంది, ఇక ఎంతసేపు ఉంచినా పిండి పొంగదు. మీ దగ్గరున్నది ఇన్‌స్టంట్ కాకుండా యాక్టివ్ డ్రై ఈస్ట్ అయితే (గింజలు కొంచెం లావుగా ఉంటాయి) దాన్ని ముందు పాలల్లో చిటికెడు పంచదారతో కలిపి 10 నిమిషాలు ఉంచండి, పైన నురగ వస్తేనే ముందుకి వెళ్లండి. నురగ రాకపోతే ఆ ఈస్ట్ పాతబడిపోయినట్టు, మైదా, వెన్న వృథా చేసుకోవద్దు. ఈస్ట్ ప్యాకెట్ తెరిచాక గాలి పోని డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాలి, పోపుల డబ్బా పక్కన అలమారలో వదిలేస్తే మన ఎండలకి తొందరగా పాడైపోతుంది.

మైదా, పంచదార, ఈస్ట్, ఉప్పు కలిపి, పాలు, గుడ్డు పోసి కలపండి. మొదట్లో చేతులకి జిగురుగా అంటుకుంటుంది, ఇక్కడే చాలామంది టెన్షన్ పడి పిడికెడు మైదా వేసేస్తారు. దయచేసి వేయొద్దు. 5 నిమిషాలు అలాగే పిసుకుతూ ఉంటే దానంతట అదే ఒక దగ్గరికి వస్తుంది. అప్పుడు వెన్న రెండు మూడు విడతలుగా వేసి మళ్లీ పిసకండి, వెన్న వేయగానే పిండి మళ్లీ చెదిరిపోయినట్టు అవుతుంది, భయపడొద్దు, ఇంకో 7, 8 నిమిషాలు చేత్తో చాపి మడుస్తూ, చాపి మడుస్తూ పోతే నున్నగా మెరుస్తూ తయారవుతుంది. బొబ్బట్ల కోసం కలిపే మైదా పిండి ఎలా సాగుతుందో తెలుసు కదా, దానికి దగ్గరగా ఉండాలి. చిన్న ముక్క తీసి రెండు చేతుల్తో నెమ్మదిగా సాగదీస్తే చిరక్కుండా పల్చటి పొరలా అయ్యి, అవతలి వెలుతురు కనిపించాలి. ముందే చిరిగిపోతే ఇంకాస్త పిసకాలన్నమాట. ఈ పనికి స్టాండ్ మిక్సర్ ఉంటే సుఖం, లేకపోయినా చేతులు చాలు, నేను చేత్తోనే చేస్తాను.

గిన్నెకి కాస్త నూనె రాసి పిండి పెట్టి, మూత గానీ తడి గుడ్డ గానీ కప్పి, రెట్టింపు అయ్యేదాకా వదిలేయండి. ఎంతసేపు అంటే గడియారం చూసి చెప్పలేం. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో హైదరాబాద్‌లోనో అయితే 40, 45 నిమిషాలకే గిన్నె నిండిపోతుంది, డిసెంబర్ చలిలో రెండు గంటలు కూడా పడుతుంది, అమెరికాలోనో లండన్‌లోనో చలికాలంలో చేసేవాళ్లయితే ఒవెన్‌లో లైటు మాత్రం వేసి అందులో పెట్టుకోండి. అంటే ఇడ్లీ పిండికి ఎలా చూసుకుంటామో అలాగే, పొంగిందా లేదా అని పిండినే చూడాలి. వేలికి మైదా అద్దుకుని పిండిలో గుచ్చితే గుంట అలాగే నిలవాలి, వెంటనే పూడిపోతే ఇంకొంచెం టైమ్ కావాలి.

ఇప్పుడు డోనట్ ఆకారం. గారెకి చిల్లు ఎందుకు పెడతామో దీనికీ అందుకే, మధ్యలో పచ్చిగా ఉండిపోకుండా. అమెరికాలోని మెయిన్ రాష్ట్రానికి చెందిన హాన్సన్ గ్రెగరీ అనే నావికుడు 1847లో డోనట్‌కి చిల్లు పెట్టింది తానేనని చెప్పుకున్నాడు, ఆయన చెప్పిన కారణం కూడా అంచులు వేగి మధ్యలో పిండి ఉడక్కపోవడమే. మన అమ్మమ్మలు ఏ నావికుడినీ అడక్కుండానే ఆ పని చేస్తూ వచ్చారని తలుచుకుంటే నాకు చాలా గర్వంగా ఉంటుంది.

సాధారణంగా పిండిని ఒక సెంటీమీటరు మందంలో వత్తి, గుండ్రటి కట్టర్‌తో కోస్తారు. అలా కోస్తే చుట్టూ మిగిలిన పిండిని మళ్లీ ముద్ద చేసి వత్తాలి, రెండోసారి వత్తినవి ఎప్పుడూ కాస్త గట్టిగా వస్తాయి. అందుకే నేను గారెల పద్ధతిలో వెళ్తాను. పిండిని 25 గ్రాముల చొప్పున, అంటే పెద్ద ఉసిరికాయంత ఉండలు చేసి, పగుళ్లు లేకుండా నున్నగా చుట్టి, 5 నిమిషాలు ఆగి, మైదా అద్దిన వేలు మధ్యలో గుచ్చి, రెండు వేళ్లతో నెమ్మదిగా తిప్పుతూ చిల్లుని పెద్దది చేయడమే. చిల్లు మీకు కావాల్సిన దానికంటే రెట్టింపు పెద్దగా, దాదాపు 3 సెంటీమీటర్లు ఉండాలి, ఎందుకంటే పిండి పొంగినప్పుడు సగం మూసుకుపోతుంది. మొదట్లో నావి చిల్లు లేని బన్నుల్లా వచ్చింది ఇది తెలియకే.

బటర్ పేపర్‌ని డోనట్ సైజు చిన్న చదరపు ముక్కలుగా కత్తిరించి, ఒక్కో దాని మీద ఒక్కోటి పెట్టండి. పొంగిన పిండిని చేత్తో ఎత్తితే గాలంతా పోయి చప్పబడిపోతుంది, కాగితంతో ఎత్తితే ఆ బాధ లేదు. గుడ్డ కప్పి ఇంకో 25 నుంచి 40 నిమిషాలు ఉంచండి. ఒక పక్కన వేలితో తట్టినట్టు నొక్కితే నెమ్మదిగా, సగం మాత్రమే వెనక్కి రావాలి. 4 లీటర్ల బుట్టలో ఒకసారికి 5, 6 కంటే పట్టవు, అంటే నాలుగు వాయిలు అవుతాయి, ఆ చివరి వాయి వంతు వచ్చేలోపు ఎండాకాలంలో పిండి మరీ పొంగిపోయి కూలిపోతుంది. అందుకని ఉండలు చేసి చిల్లు పెట్టగానే సగం ప్లేటు ఫ్రిజ్‌లో పెట్టేసి, మొదటి వాయి బుట్టలోకి వెళ్లేటప్పుడు బయటికి తీయండి.

ఎయిర్ ఫ్రైయర్‌ని 170 డిగ్రీల మీద 3 నిమిషాలు ఖాళీగా వేడి చేయండి. ఈ ఖాళీగా వేడి చేసేటప్పుడు లోపల బటర్ పేపర్ అస్సలు ఉండకూడదు, బరువు లేని కాగితం గాలికి ఎగిరి పైన కాయిల్‌కి తగిలితే నిప్పంటుకుంటుంది. డోనట్లు పెట్టాక కూడా కాగితం అంచులు బయటికి పొడుచుకు రాకుండా చూసుకోండి. డోనట్ల మీద కుంచెతో పల్చగా కరిగిన వెన్న రాసి, ఒకదానికొకటి రెండు వేళ్ల దూరంలో సర్దండి. డబ్బాల్లో వచ్చే నూనె స్ప్రేలు నాన్‌స్టిక్ బుట్ట మీద కొట్టకండి, వాటిలో నూనెతో పాటు కలిపేవి పేరుకుని, వదలని జిగురులా తయారై పూత పాడవుతుంది, మామూలు నూనె కుంచెతో రాస్తే చాలు.

170 మీద 4 నిమిషాలు, అప్పుడు తెరిచి చూడండి. పైన లేత బంగారు రంగు వచ్చి, పక్కల ఇంకా తెల్లటి గీత కనిపిస్తూ ఉంటే అదే సరైన సమయం, తీసేయండి. రంగు చాలలేదనిపిస్తే ఇంకో అర నిమిషం, ఒక నిమిషం. నూనెలో వేయించినంత ముదురు రంగు వచ్చేదాకా ఆగారంటే ఎండిపోతాయి, దీని గురించి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. పిండిలో పంచదార, పాలు ఉన్నాయి కాబట్టి రంగు త్వరగా వస్తుంది, కొన్ని మిషన్లలో కాయిల్ దగ్గరగా ఉండి పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, అలాంటప్పుడు 160కి తగ్గించి ఒక నిమిషం పెంచండి. మొదటి వాయిలో ఒక్కటే పెట్టి, తుంచి చూసుకుంటే మీ మిషన్ సంగతి తెలిసిపోతుంది. తిప్పి వేయాల్సిన పని లేదు. రెండో వాయి నుంచి బుట్ట బాగా వేడెక్కి ఉంటుంది, అర నిమిషం ముందే చూడండి.

తీసిన వెంటనే, వేడి పొగలు వస్తుండగానే, అన్ని వైపులా కరిగిన వెన్న రాయండి. పంచదార పొడిలో దొర్లించాలనుకుంటే ఇప్పుడే చేయాలి, చల్లారితే అంటుకోదు. 100 గ్రాముల పంచదారకి ఒక టీ స్పూను దాల్చిన చెక్క పొడి అనేది అమెరికా పద్ధతి. నాకు మాత్రం నాలుగు యాలకులు వేసి మిక్సీలో బరకగా తిప్పిన పంచదార ఎక్కువ నచ్చుతుంది, ఇల్లంతా కజ్జికాయలు చేసిన రోజులా ఘుమఘుమలాడుతుంది.

గ్లేజ్ (పైన పూసే తియ్యటి పూత) కావాలంటే డోనట్లు పూర్తిగా చల్లారాలి, లేకపోతే కారిపోతుంది. ఐసింగ్ షుగర్ 120 గ్రాములకి పాలు 2 టేబుల్ స్పూన్లు, చిటికెడు ఉప్పు, రెండు చుక్కల వెనీలా. ఐసింగ్ షుగర్ దొరక్కపోతే పంచదారని మెత్తగా పొడి చేసి, కప్పుకి ఒక టీ స్పూను కార్న్‌ఫ్లోర్ కలిపి జల్లించుకోండి. చెంచా ఎత్తితే తేనెలా ధారగా జారాలి. చాక్లెట్ అయితే 80 గ్రాముల డార్క్ చాక్లెట్‌ని 20 గ్రాముల వెన్నతో, వేడినీళ్ల గిన్నె మీద పెట్టి కరిగించి, డోనట్ పై సగం ముంచి తీయడమే, ఒక్క చుక్క నీళ్లు పడినా చాక్లెట్ గడ్డకట్టేస్తుంది, చెంచా తడి లేకుండా తుడుచుకోండి. రంగు చక్కెర గింజలు చల్లే పని పిల్లలకి ఇవ్వండి, ఆ పావుగంట వాళ్ల మొహాలు చూడాలి.

ఈస్ట్‌కి టైమ్ లేదు, బేకింగ్ పౌడర్‌తో చేయొచ్చా అని అడుగుతుంటారు. చేయొచ్చు కానీ అది కేక్ లాంటి జారు పిండి, నేరుగా బుట్టలో పోస్తే చిల్లుల్లోంచి కారిపోతుంది, సిలికాన్ మినీ డోనట్ అచ్చులు కావాలి. రుచి కూడా కప్ కేక్‌లా ఉంటుంది తప్ప డోనట్‌లా సాగదు. తొందర ఉన్న రోజున అదీ మంచిదే, కానీ తీరిక ఉన్న ఆదివారం ఈస్ట్‌తోనే చేయండి.

చేసిన రోజే, వీలైతే మూడు నాలుగు గంటల్లోనే తినేయాలి. మిగిలితే పైన ఏమీ పూయకుండా గాలి చొరని డబ్బాలో పెట్టి, మర్నాడు 150 డిగ్రీల మీద 2 నిమిషాలు వేడి చేసి, మళ్లీ కాస్త వెన్న రాసి పంచదారలో దొర్లించండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, బ్రెడ్డు లాగే గట్టిపడిపోతాయి. ఎక్కువ రోజులు కావాలంటే చల్లారినవాటిని సంచిలో వేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకుంటే నెల వరకు బాగుంటాయి, అందులోంచి నేరుగా 150 మీద 4 నిమిషాలు. స్కూలు డబ్బాలోకైతే నేను గ్లేజ్ పూసినవి పెట్టను, ఎండకి కరిగి మూతకి అంటుకుపోతుంది, యాలకుల పంచదారవి రెండు పెడితే డబ్బా ఖాళీగా తిరిగొస్తుంది.