క్రీస్తు సన్నిధిలో దినచర్య – మూడవ పాఠం: పని మధ్యలో పలికే ప్రార్థన

వేకువ ప్రార్థనకు ఇంట్లో ఒక చోటు, ఒక వేళ కుదుర్చుకోవడం మొదటి పాఠంలోనూ, ఆ వేళ చదివిన వాక్యభాగంలో నుండి ఒక్క మాటను పగలంతటికీ మనసులో ఉంచుకోవడం రెండవ పాఠంలోనూ నేర్చుకున్నాము. ఆ రెండూ ఇంకా అలవాటు కానివారు ఈ పాఠాన్ని ఒకసారి చదివి పక్కన పెట్టి, ముందు వాటినే మరికొన్నాళ్లు సాధన చేయడం మంచిది. ఎందుకో ఈ పాఠం మధ్యలో తెలుస్తుంది.

వేకువను ప్రభువుతో గడిపిన వారికి సైతం తొమ్మిది గంటలు దాటేసరికి ఆయన జ్ఞాపకం జారిపోతుంది. శ్రీకాకుళం నుండి ఆమదాలవలస స్టేషనుకు వెళ్లే బస్సులో నిలబడి రైలు అందుతుందో లేదో అని గడియారం చూసుకునే ఉద్యోగికీ, పొలంలో కూలీలు వచ్చారో లేదో అని గట్టు మీద ఎదురుచూసే రైతుకూ ఆ గంటలో కీర్తన గుర్తుకు రాదు. ఇది భక్తి లోపమని కుంగిపోవలసిన పని లేదు, ఎవరూ నేర్పకపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ప్రార్థన అంటే మోకాళ్లూని, కళ్లు మూసుకుని, కనీసం పది నిమిషాలు చేయవలసినదని మాత్రమే మనకు చిన్ననాటి నుండి అలవాటైంది.

నెహెమ్యా గ్రంథం రెండవ అధ్యాయం తెరవండి. షూషను కోటలో అర్తహషస్త రాజుకు ద్రాక్షారసం అందించే నెహెమ్యా ముఖం చిన్నబోయి ఉండడం రాజు గమనించి, నీకేమి కావాలని అడిగాడు. రాజు ఎదుట విచారంగా కనిపించడమే ప్రమాదం కనుక నెహెమ్యా మిగుల భయపడ్డాడని గ్రంథమే చెబుతుంది. రాజు అడిగిన ప్రశ్నకూ తాను ఇచ్చిన జవాబుకూ నడుమ అతడు ‘ఆకాశమందలి దేవునికి ప్రార్థన చేసి’ మాట్లాడాడని నాలుగవ వచనంలో ఉంది. ఆ ప్రార్థన రాజుకు వినబడలేదు, పక్కన కూర్చున్న రాణికీ తెలియలేదు. అందులోని మాటలేమిటో గ్రంథంలో కూడా రాయబడలేదు. ఒక్క ఊపిరి తీసుకునేంత వ్యవధిలో అది ముగిసి ఉంటుంది.

అయితే దీనిని చదివి, ఇంత చిన్న ప్రార్థన చాలు కదా అనుకునేవారు మొదటి అధ్యాయాన్ని మరచిపోకూడదు. యెరూషలేము ప్రాకారం కూలి ఉన్నదన్న వార్త యూదుల కిస్లేవు మాసంలో అతనికి చేరింది. రాజుతో మాట జరిగినది నీసాను మాసంలో. నడుమ దాదాపు నాలుగు నెలలు గడిచాయి. వార్త విన్న నాటి నుండి అతడు ఉపవాసముండి, రాత్రింబగళ్లు కన్నీటితో వేడుకున్నాడు, ఆ ప్రార్థన చివరలో ‘ఈ మనుష్యుని’ యెదుట, అనగా రాజు యెదుట, తనకు దయ దొరకాలని అడిగాడు. అంటే రాజు ఎదుట పలికిన ఒక్క మాట వెనుక నెలల తరబడి సాగిన ప్రార్థన ఉన్నది. వేకువ ప్రార్థన మానేసి, దారిలో నడుస్తూ రెండు మాటలు అనుకుంటున్నాను కదా అని సరిపెట్టుకునేవారిని నేను చాలామందిని చూశాను. అలాంటివారి దారి ప్రార్థన కూడా కొద్ది వారాలలో ఆగిపోతుంది. మొదటి రెండు పాఠాలు ముందు సాధన చేయమన్నది ఇందుకే.

ఇప్పుడు సాధన సంగతి. ప్రతి పనిలోనూ ఒక భాగం ముగిసి మరొక భాగం మొదలయ్యే చోట్లు ఉంటాయి. వాటిని ఈ పాఠంలో మలుపులు అందాము. పలాస జీడిపప్పు కార్ఖానాలో పొట్టు తీసే సోదరిని తీసుకోండి. ఆరబెట్టిన పలుకును ఎడమచేతి వేళ్ల మధ్య పట్టుకుని, చిన్న కత్తి మొనతో పొట్టు లేపి, విరగకుండా వచ్చిన గుళ్లను ఒక పక్కకూ బద్దలను మరొక పక్కకూ వేస్తూ గంటల తరబడి ఆమె తల ఎత్తదు. పప్పు విరిగితే ధర తగ్గుతుంది కనుక చూపు అక్కడే ఉండాలి. అలాంటి పని నడుమ ప్రార్థించమని ఆమెకు చెప్పడం అన్యాయం. కానీ ముందున్న పళ్లెం ఖాళీ అయినప్పుడు, చీర కుచ్చెళ్లలో పడిన పొట్టు దులుపుకుని, తూకానికి ఇచ్చి, మరొక పళ్లెం తెచ్చుకోవడానికి ఆమె లేస్తుంది. ఆ లేచే క్షణమే ఆమె మలుపు. తూకం దగ్గర మాటా మాటా పెరిగే అవకాశం ఎక్కువ కనుక, అటు నడిచే నాలుగడుగులలో ‘ప్రభువా, నా నోటికి కావలి ఉంచుము’ అని మనసులో అనుకుంటే ఆ ప్రార్థన ఆ పనికి సరిగ్గా సరిపోతుంది. ఒకవేళ మాట తూలితే, తిరిగి వచ్చి కూర్చునేటప్పుడు ‘క్షమించుము’ అనాలి, వీలైతే ఆ తోటి మనిషితో కూడా అనాలి. క్షమాపణను సాయంకాలం వరకు దాచిపెట్టడం నాకు మంచిదనిపించదు, అప్పటికి మనకు తప్పు చిన్నదిగానూ ఎదుటివారి తప్పు పెద్దదిగానూ కనబడుతుంది.

ఉపాధ్యాయులకు గంట మోగిన తరువాత తరగతి గడప దాటే క్షణం, రైతుకు ఒక మడి ముగించి మరొక మడిలో దిగే క్షణం మలుపులు. ద్విచక్ర వాహనం నడిపేవారు కళ్లు మూసుకోవలసిన అవసరం ఎంతమాత్రం లేదని వేరే చెప్పనక్కరలేదు. ఫోనులో అలారం పెట్టుకోవడాన్ని కొందరు సూచిస్తారు. అది గడియారాన్ని గుర్తుచేస్తుంది గాని చేతిలోని పనిని ప్రభువుకు అప్పగించడం నేర్పదు కనుక, రాత్రి కాపలా వంటి మలుపులు లేని పనులలో తప్ప దానిని నేను ప్రోత్సహించను.

మాటల విషయంలో, నీళ్లపై నడుస్తూ మునిగిపోతున్న శిష్యుడు పేతురు మనకు గురువు. ‘ప్రభువా, నన్ను రక్షించుము’ అన్న ఆ కేకలో పిలుపు ఉంది, అవసరం ఉంది, మరేమీ లేదు. దేవాలయంలో దూరంగా నిలిచిన సుంకరి, అనగా పన్ను వసూలు చేసేవాని, ప్రార్థన కూడా అంతే పొట్టిది. మాటలు దొరకనివారు పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలలో నోటికి వచ్చిన ఒక చరణం వాడుకోవచ్చు. ఈ ప్రాంతంలోనే సువార్త పరిచర్య చేసిన ఆయన కీర్తనలు మన సంఘాలలో పెద్దలకు ఇప్పటికీ కంఠస్థమే. ఒకే మాటను లెక్కపెట్టి వల్లించడం మాత్రం వద్దు. విస్తరించి మాట్లాడడం వల్ల వినబడుతుందని అనుకోవద్దని ప్రభువే మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో హెచ్చరించాడు.

మలుపు వచ్చినా మరచిపోతే ఏమి చేయాలి? 17వ శతాబ్దంలో పారిస్ నగరంలోని కర్మెలీయ మఠంలో వంటశాలలో పనిచేసిన సహోదరుడు లారెన్స్‌కు ఆ వంటపని సహజంగా ఇష్టం లేనిదే. అయినా ఆ పాత్రల మధ్యనే దేవునితో మాట్లాడడం ఆయన సాధించాడు, అదీ ఏళ్ల తరబడి సాధన చేసిన మీదట. మనసు తప్పిపోయినప్పుడు తనను తాను నిందించుకుంటూ కూర్చోక, లోపం ఒప్పుకుని వెంటనే దేవుని వైపు తిరిగేవాడు. మీరూ అలాగే చేయండి. యోహాను సువార్త పదిహేనవ అధ్యాయంలో ‘నాయందు నిలిచియుండుడి’ అని చెప్పిన ప్రభువు, ఆ వెంటనే తనకు వేరుగా ఉండి మనమేమీ చేయలేమని కూడా చెప్పాడు.

ఈ వారం అభ్యాసానికి మీ పనిలో రెండు మలుపులను మాత్రమే ఎంచుకోండి, ఉత్సాహం కలిగినా మూడవది చేర్చవద్దు. ఆ రెండింటిలో ఒకటి మీకు కోపం వచ్చే చోటికి దగ్గరగా ఉండేటట్లు చూసుకోండి. వేకువన వాటిని పేరుపెట్టి ప్రభువుకు చెప్పి పనిలోకి వెళ్లండి. ఎన్నిసార్లు గుర్తుకు వచ్చిందో పుస్తకంలో లెక్క రాయవద్దు. ఇంట్లోవారికి గాని తోటి పనివారికి గాని చెప్పవలసిన అవసరం కూడా లేదు. నాలుగవ పాఠంలో సాయంకాలపు కుటుంబ ప్రార్థనను తీసుకుంటాము కనుక, అప్పటిలోగా లూకా సువార్త 24వ అధ్యాయంలో 13 నుండి 35 వరకు ఉన్న వచనాలను ఇంటివారందరూ కూర్చున్నప్పుడు ఒకరు పైకి చదవండి.