ఫ్రీజర్‌లో దాచిన చేపను వంటకు తీయడం ఎలా?

మృగశిర కార్తె మొదలయ్యే రోజున వరంగల్ చేపల మార్కెట్‌లో కాలు పెట్టే సందు ఉండదు. కొర్రమీను దొరికిందన్న సంబరంలో కిలో కొనాల్సిన వాళ్లు మూడు కిలోలు కొంటారు. మిగిలింది ఫ్రీజర్‌లోకి వెళుతుంది. చిక్కంతా దాన్ని బయటికి తీసిన రోజే. పొద్దున తీసి వంటగది గట్టు మీద పెట్టి, మధ్యాహ్నం పులుసు పెట్టడం చాలా ఇళ్లలో అలవాటు. మా ఇంట్లోనూ ఏళ్లపాటు అదే జరిగింది.

ముక్క లోపల రాయిలా ఉండగానే పైభాగం వేడెక్కుతుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మక్రిములు చకచకా పెరుగుతాయి. ఫ్రీజర్ చలి వాటిని నిద్రపుచ్చుతుందే తప్ప చంపదు. ఉప్పు, పసుపు పట్టించాం కదా అంటారు; అది నీచు వాసనకే పనికొస్తుంది.

అసలు పని దాచేటప్పుడే మొదలవుతుంది. ముక్కలను పూటకు సరిపడా విడివిడి కవర్లలో పలుచగా పరచి, తేదీ రాసి, మైనస్ 18 డిగ్రీల్లో ఉంచండి. వండే ముందు రాత్రి ఒక కవరును లోతైన గిన్నెలో పెట్టి ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. పై అరలో పెడితే నీచు నీరు కొత్తిమీర మీదికి కారుతుంది.

రాత్రి మరచిపోయారా? నీరు చొరని కవరులో కట్టి చల్లటి నీళ్లలో ముంచండి, అరగంటకోసారి నీళ్లు మార్చండి. అర కిలోకు గంట చాలు. జూన్‌లో మన మిద్దె ట్యాంకు నీళ్లు స్నానానికి కాచినట్టే వస్తాయి. రంజన్ (మట్టి కుండ) నీళ్లలో నాలుగు ఐసు ముక్కలు వేసుకోవడం మేలు. ఇలా విడిపించిన చేపను వెంటనే వండాలి, పచ్చిగా మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. మైక్రోవేవ్‌లో విడిపించినా అంతే.

కరెంటు పోతే తలుపు తెరవకండి. నిండుగా ఉన్న ఫ్రీజర్ దాదాపు 48 గంటలు, సగమే ఉంటే 24 గంటలు చల్లదనం నిలుపుకుంటుంది. కింది ఫ్రిజ్ మాత్రం నాలుగు గంటలే.

ఇక పులుసు. మరునాటికే దాని రుచి, కాదనను. కానీ "చింతపండు పులుపుంది, ఏం కాదు" అని మా అత్తమ్మలా రాత్రంతా పొయ్యి మీదే వదిలేయకండి. వండాక రెండు గంటల్లోపు, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటలోపు, వెడల్పాటి గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు రోజుల్లో తినేయండి, తినే మేరకే తీసి కుతకుత ఉడికే దాకా కాచండి.