సగంలో ఆగిపోయిన చారల కార్డిగన్‌ను నిదానంగా పూర్తి చేసే విధానం

విశాఖపట్నంలో చేతితో అల్లే స్వెట్టర్ సగంలో ఆగిపోవడానికి బద్ధకం కంటే వాతావరణమే పెద్ద కారణం. జనవరి రాత్రుల్లో సైతం నగరంలో ఉష్ణోగ్రత 15 డిగ్రీల కిందికి దిగడం అరుదు. ధనుర్మాసంలో మొదలైన అల్లిక సంక్రాంతి పనుల్లో పక్కకు జరిగిందంటే, ఫిబ్రవరి చివరికల్లా ఒళ్లో ఉన్ని పెట్టుకుని కూర్చోవడమే కష్టమవుతుంది. మరుసటి చలికాలానికి ఏ వరుసలో ఆపామో గుర్తుండదు, చారల లెక్క రాసిన కాగితం కనిపించదు, చివరికి ఆ సంచి అటకెక్కుతుంది. ఇలా ఏళ్ల తరబడి మూలనపడిన చారల కార్డిగన్‌ను (ముందువైపు గుండీలుండే స్వెట్టర్‌ను), అది మీరు మొదలుపెట్టినదైనా, అమ్మో అత్తగారో మొదలుపెట్టి వదిలినదైనా, తిరిగి చేతిలోకి తీసుకుని పూర్తి చేసే విధానాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. ఈ పనిలో అల్లడం కంటే ఉన్న అల్లికను చదివి లెక్కగట్టడమే ఎక్కువ కాబట్టి, తొందరపడి సూదులు పట్టుకోవద్దని ముందుగానే చెబుతున్నాను.

సంచిని పగటి వెలుతురులో, తెల్లటి దుప్పటి మీద విప్పండి. మొదట చూడవలసింది పురుగు. ఉన్నిని తినేది ఎగిరే చిమ్మట కాదు, దాని లార్వా. ఉన్నిలోని కెరాటిన్ అనే మాంసకృత్తు దానికి ఆహారం. తెల్లటి సన్నని గూళ్లు, అక్కడక్కడా తెగిన పోగులు కనిపిస్తే, అల్లికను, మిగిలిన ఉండలను గాలి చొరబడకుండా పాలిథిన్ సంచిలో కట్టి, సున్నాకు దిగువన 18 డిగ్రీలుండే డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటకు తీశాక సంచి లోపలి చల్లదనం పూర్తిగా పోయేవరకు దాన్ని విప్పకూడదు, లేకపోతే మన తేమ గాలికి ఉన్ని మొత్తం చెమ్మగిల్లుతుంది. ఎండిన వేపాకు, కర్పూరం వంటివి పురుగును కొంత దూరంగా ఉంచవచ్చు గానీ, ఇప్పటికే లోపల ఉన్న గుడ్లను అవి ఏమీ చేయలేవు.

రెండోది తుప్పు. లాసన్స్ బే కాలనీ, పెద వాల్తేరు వంటి సముద్రానికి దగ్గరి ప్రాంతాల ఇళ్లలో ఉప్పు గాలికి ఉక్కు సూదులు త్వరగా తుప్పు పడతాయి, ఆ మరక నేరుగా కుట్లకు అంటుతుంది. అలాంటి సూదిని లాగేయకండి. సూదికి నాలుగైదు వరుసల కింద, మరక లేని చోట ఒకే వరుసను ఎంచుకుని, మొద్దు మొన ఉన్న సూదితో వేరే రంగు నూలు దారాన్ని ఆ వరుసలోని ప్రతి కుట్టు గుండా పోనివ్వండి. ఆ తర్వాత పాత సూదిని తీసి పై వరుసలను విప్పితే, విప్పడం ఆ దారం దగ్గర తప్పనిసరిగా ఆగుతుంది, ఒక్క కుట్టు కూడా జారదు. తుప్పు లేకపోయినా నేను ఈ పని చేయమనే చెబుతాను. ఏళ్ల తరబడి సూది మీద ఉండిపోయిన కుట్లు సాగి, ఉతికినా పోని అడ్డగీతగా మిగిలిపోతాయి. విప్పిన పోగు వంకర్లు తిరిగి ఉంటుంది. దాన్ని కుర్చీ వీపుకు చుట్టి చిలపగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, నీడలో వేలాడదీస్తే వంకర పోతుంది. వంకర పోగుతోనే అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి.

పోగు దేనితో తయారైనదో తేల్చుకోవడం తప్పనిసరి, ఎందుకంటే మన దుకాణాల్లో ఊలు అని అడిగితే ఇచ్చేది చాలాసార్లు ఆక్రిలిక్. అంగుళం పోగును పట్టకారుతో పట్టుకుని, నీళ్ల గిన్నె పైన అగ్గిపుల్లతో అంటించి చూడండి. అసలైన ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిగిపోయే బూడిద మిగులుతుంది. ఆక్రిలిక్ అయితే కరిగి గట్టి నల్లని పూసగా మారుతుంది. రెండూ కలిపి వడికిన పోగు కాలినప్పుడు రెండు లక్షణాలూ కనిపిస్తాయి, దాన్ని ఆక్రిలిక్ లాగానే చూసుకోవడం క్షేమం. చివర్లో తడిపి ఆరబెట్టే పద్ధతి ఈ ఒక్క పరీక్ష మీదే ఆధారపడి ఉంటుంది.

ఇక చదవడం. పూర్తయిన వీపు భాగాన్ని బల్ల మీద లాగకుండా పరిచి, అంచులకు దూరంగా 10 సెంటీమీటర్ల చతురస్రాన్ని గుండుసూదులతో గుర్తించి, అందులో అడ్డంగా ఎన్ని కుట్లు, నిలువుగా ఎన్ని వరుసలు ఉన్నాయో లెక్కించండి. ఉదాహరణకు 22 కుట్లు, 30 వరుసలు వచ్చాయనుకుందాం. తర్వాత చారల క్రమాన్ని రాసుకోండి: 6 వరుసలు ముదురు నీలం, 2 మీగడ రంగు, 4 ముదురు ఎరుపు, మొత్తం 12 వరుసల ఆవృత్తి. చంక దగ్గర కుట్లు తగ్గించడం ఏ చారలోని ఎన్నో వరుసలో మొదలైందో, మెడ దగ్గర ఎక్కడ మొదలైందో, రిబ్ అంచు (నిట్, పర్ల్ అనే సీదా, ఉల్టా కుట్లు మారుమారుగా వచ్చే సాగే అంచు) ఒకటి-ఒకటిగా ఉందో రెండు-రెండుగా ఉందో నోట్‌బుక్‌లో రాసుకోండి. ముదురు నీలం చారలో కుట్లు రాత్రి బల్బు వెలుతురులో కనబడవు. తూర్పు కిటికీ దగ్గర పొద్దున పూట లెక్కించడం కళ్లకూ మంచిది, లెక్కకూ మంచిది.

సూదుల నంబరు గుర్తులేకపోతే పాత నంబర్ల పద్ధతిని తెలుసుకోండి, ఇది చాలామందిని తికమక పెడుతుంది. మన దేశంలో వాడుకలో ఉన్న పాత బ్రిటిష్ కొలతలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: 8వ నంబరు అంటే 4 మిల్లీమీటర్లు, 10వ నంబరు 3.25, 12వ నంబరు 2.75. అంచులకు 10, ఒంటికి 8 వాడడం తరచుగా కనిపించే జత. అయితే అదే నంబరు సూది తెచ్చుకున్నంత మాత్రాన అదే బిగువు రాదు. ఏళ్లు గడిచేసరికి మీ చేతి బిగువు మారి ఉంటుంది, అమ్మ చేతి బిగువు మీది కాకపోవచ్చు. కనుక మిగిలిన పోగుతో 30 కుట్లు వేసుకుని ఒక ముక్క అల్లి, తడిపి ఆరబెట్టి కొలవండి. 22 రావలసిన చోట 24 వస్తే మీ చేయి బిగుతు, ఒక మెట్టు లావు సూదికి మారండి. 20 వస్తే సన్న సూదికి మారండి.

వేరొకరి చేతి అల్లిక అయితే ఇంకో మాట. బిగువులు ఎంత దగ్గరకు తెచ్చినా, ఒకే భాగంలో రెండు చేతులు కలిసే చోట కంటికి తేడా తెలుస్తుంది. ముందు భాగం నాలుగు వేళ్ల మేర మాత్రమే పూర్తయి ఉంటే, దాన్ని విప్పి మొత్తం మీరే అల్లండి; వీపు పూర్తయి ఉంటే దాన్ని ముట్టుకోవద్దు. చేయి మారే హద్దు అతుకుల దగ్గర పడితే ఎవరికీ కనబడదు. పూర్తయిన భాగాలను సైతం విప్పి మొదటినుంచీ అల్లుదామని కొందరికి అనిపిస్తుంది. అమ్మ అల్లిన వీపును అలా విప్పేయడం నాకు సమ్మతం కాదు, ఆ వీపు కోసమే కదా ఈ శ్రమంతా.

పోగు సరిపోతుందా అన్న అనుమానాన్ని వంటింటి డిజిటల్ తూకం తీరుస్తుంది. ప్రతి రంగు ఉండను తూచి, ఒక ఆవృత్తి అల్లి, మళ్లీ తూచండి. ఆ తేడాను మిగిలిన ఆవృత్తులతో హెచ్చవేస్తే ఏ రంగు ఎన్ని గ్రాములు కావాలో తేలుతుంది. తక్కువ పడితే అదే సంస్థ, అదే రంగు కొన్నా డై లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన పోగుకు ఇచ్చే నంబరు) మారి ఉంటుంది, పాత లాట్ దొరకడం దుర్లభం. ఇక్కడే చారల అల్లిక మనకు మేలు చేస్తుంది: ఒకే రంగు స్వెట్టర్‌లో కొట్టొచ్చినట్టు కనబడే లాట్ తేడా, మధ్యలో వేరే రంగు అడ్డుపడే చారల్లో దాదాపు మాయమవుతుంది. కొత్త ఉండలను కార్డిగన్ రెండు చేతులకూ (స్లీవ్‌లకు) సమానంగా వాడండి. ఒక చేయి పాత పోగుతో, ఒక చేయి కొత్త పోగుతో వద్దు. తేడా మరీ ఎక్కువగా ఉంటే ఆ రంగును చారల్లోంచి తప్పించి, గుండీల పట్టీకి, మెడకు, చేతుల అంచులకు మాత్రమే వాడితే కావాలని చేసినట్టే ఉంటుంది.

చేతుల చారలు ఒంటి చారలతో చంక దగ్గర కలవాలి. కార్డిగన్ చూడగానే కన్ను మొదట అక్కడికే పోతుంది, అందుకని లెక్కను పైనుంచి కిందికి చేయాలి. చేయి పొడవు రిబ్ అంచు కాకుండా 42 సెంటీమీటర్లు అనుకుంటే, సెంటీమీటరుకు 3 వరుసల చొప్పున 126 వరుసలు. 12తో భాగిస్తే పదిన్నర ఆవృత్తులు. ఒంటి భాగంలో చంక తగ్గింపు ఒక ఆవృత్తి పూర్తయిన వెంటనే మొదలైతే, చేయి కూడా అక్కడికి 12వ వరుసతోనే చేరాలి. కనుక దాన్ని ఆవృత్తిలోని 7వ వరుసతో, అంటే నీలంతో కాక మీగడ రంగు చారతో మొదలుపెట్టాలి: ముందు 6 వరుసలు, ఆపై 10 పూర్తి ఆవృత్తులు, మొత్తం 126. నీలంతో మొదలుపెట్టి చంక దగ్గరకు వచ్చాక సరిచేసుకుందామంటే కుదరదు. రెండు చేతులనూ పొడవైన సర్క్యులర్ సూది (వంగే తీగతో కలిపిన రెండు మొనల సూది) మీద, వేర్వేరు ఉండలతో పక్కపక్కనే అల్లితే, కుట్లు పెంచే వరుసలు, చారలు రెండింటిలోనూ ఒకేచోట పడతాయి.

రంగు మార్చేటప్పుడు రెండు నాలుగు వరుసల చారలకు పోగు తెంచనక్కరలేదు. వాడని పోగును అంచు వెంట పైకి తీసుకువెళ్తూ, ప్రతి రెండు వరుసలకు ఒకసారి వాడే పోగుతో మెలి వేయండి. బిగించి లాగితే అంచు ముడుచుకుని, పక్క అతుకు పొట్టిదవుతుంది. వెడల్పు చారల దగ్గర 15 సెంటీమీటర్ల కొస వదిలి తెంచి, అదే రంగు చారలో వెనకవైపు ఆ కూర్చున్నప్పుడే దూర్చేయండి. రిబ్ మధ్యలో రంగు మారితే కొత్త రంగులో పైకి కనిపించే వైపు వచ్చే మొదటి వరుస మొత్తం నిట్ అల్లాలి. పర్ల్ కుట్ల మీద పాత రంగు చుక్కలు తేలకుండా ఉండడానికి అదే మార్గం.

విశాఖలో ఈ పనికి కాలం చూసుకోవడం కూడా పద్ధతిలో భాగమే. ఒళ్లో బరువు లేని చేతులు, మెడ పట్టీ వంటి చిన్న ముక్కలను వేసవి ఉదయాల్లో, ఒడిలో నూలు తువ్వాలు పరుచుకుని అల్లుకోవచ్చు. మొత్తం కార్డిగన్‌ను ఒళ్లో వేసుకోవలసి వచ్చే అతుకులు, గుండీల పట్టీలు కార్తీకం వెళ్లేదాకా ఆగనివ్వండి. చెమట చేతికి పోగు అంటుకుని బిగువు మారుతుంది, మీగడ రంగు చార మాసిపోతుంది.

అతికే ముందు ముక్కలను విడివిడిగా తడిపి ఆకారానికి తేవాలి. ఉన్నికి వడకట్టిన కుంకుడుకాయ రసం గానీ, ఉన్ని బట్టల ద్రవ సబ్బు గానీ చల్లని నీళ్లలో కలిపి, పిండకుండా, తువ్వాలులో చుట్టి అదిమి నీరు తీయండి. అంతకు ముందు తడి తెల్లగుడ్డను ఎరుపు చార మీద అదిమి చూడండి. రంగు అంటితే నానబెట్టకుండా ముంచి తీసేయడమే. పరుపు మీద పొడి తువ్వాలు పరిచి, తుప్పు పట్టని గుండుసూదులతో కొలతకు అమర్చి, ఫ్యాన్ కింద వదలండి. డాబా మీద ఎండలో వేస్తే రంగు వెలుస్తుంది. వానాకాలంలో ఆరడానికి రోజులు పట్టి ముక్కిన వాసన వస్తుంది కాబట్టి, ఈ పనికి డిసెంబరు, జనవరి నెలలే తగినవి. ఆక్రిలిక్‌కు ఇస్త్రీ పెట్టె తగలనీయకండి. వేడికి అది జీవం పోయి జారుడుగా సాగిపోతుంది, మళ్లీ మొదటి స్థితికి రాదు.

పక్క అతుకులను వెనకనుంచి కాకుండా పైకి కనిపించే వైపు నుంచే కుట్టండి. అంచు కుట్టుకూ దాని పక్క కుట్టుకూ మధ్య నిచ్చెన మెట్లలా కనిపించే అడ్డ పోగులు ఉంటాయి. ఈ ముక్కలో ఒకటి, ఆ ముక్కలో ఒకటి చొప్పున సూదితో ఎత్తుతూ, నాలుగైదు అయ్యాక దారాన్ని మెల్లగా లాగితే రెండు అంచులూ మూసుకుంటాయి. వరుసకు వరుస కలిపితే చారకు చార దానంతట అదే కలుస్తుంది. ముందు భాగంలో ఒక వరుస ఎక్కువైనట్టు కనిపిస్తే, చార హద్దు దగ్గర కాకుండా వెడల్పాటి నీలం చార మధ్యలో రెండు మెట్లను ఒకేసారి ఎత్తి సర్దేయండి.

గుండీల పట్టీకి ముందు అంచు వెంట ప్రతి 4 వరుసలకు 3 కుట్లు ఎత్తుకోవాలి; 22 కుట్లు, 30 వరుసల బిగువుకు ఈ నిష్పత్తి సరిపోతుంది. ప్రతి వరుసకూ ఎత్తితే పట్టీ అలలు తిరుగుతుంది, తక్కువైతే ముందు భాగం పైకి పీక్కుంటుంది. ఈ ఏళ్లలో ఒళ్లు కొంచెం వచ్చి ఉంటే పట్టీ వెడల్పు పెంచవచ్చు. అయితే గుండీలు పెట్టాక పట్టీలు ఒకదానిమీద ఒకటి పడతాయి కనుక, రెండింటినీ ఒక్కో సెంటీమీటరు పెంచినా చుట్టుకొలతలో దక్కేది ఒక్క సెంటీమీటరే. అంతకంటే ఎక్కువ కావాలంటే చంకల కింద ఒకే రంగులో సన్నని రిబ్ పట్టీ కలపండి. గుండీలు వచ్చే పట్టీని ముందు ముగించి, గుండీల స్థానాలు గుర్తించి, ఆ కొలతకు రెండో పట్టీలో కాజాలు వదలండి. ఆడవారి కార్డిగన్‌లో కాజాలు కుడివైపు, మగవారి దానిలో ఎడమవైపు వస్తాయి. గుండీలు కొనడానికి పూర్ణా మార్కెట్ వైపు గానీ, మీ వీధి మ్యాచింగ్ సెంటర్‌కు గానీ అల్లిన ముక్కను వెంట తీసుకువెళ్లి, కాజాలో దూర్చి చూసి తీసుకోండి. గుండీని ఉన్నితో కాక గట్టి కుట్టు దారంతో, పట్టీ వెనక చిన్న గుండీ ఒకటి ఆసరాగా పెట్టి కుడితే, అరకు వెళ్లే రైల్లో చలికి లాగి లాగి పెట్టుకున్నా అల్లిక చిరగదు.

ప్రతి రంగులో మిగిలిన కొద్ది గజాల పోగును చిన్న చిలపలుగా కట్టి, చారల క్రమం, సూదుల నంబర్లు, లాట్ నంబరు రాసిన కాగితంతో పాటు మూత గట్టిగా ఉండే డబ్బాలో భద్రపరచండి. మోచేతుల దగ్గర అరిగినప్పుడు అదే పోగుతో బాగుచేసుకోవచ్చు.