పాత ఇల్లు: బాగు చేయించుకోవాలా, అమ్ముకోవాలా?

మన పట్టణాల్లో నలభై ఏళ్లు దాటిన ఇంటిని కొనడానికి వచ్చేవారు సాధారణంగా స్థలానికే వెల కడతారు. గజం ఎంత, రోడ్డు వెడల్పు ఎంత, ముఖం ఏ దిక్కు అని అడుగుతారు గాని గదులు ఎన్ని అని అడిగేవారు తక్కువ (నెల్లూరులో ఇదే బేరం 72 చదరపు అడుగుల అంకణాల లెక్కన సాగుతుంది). అందువల్ల అమ్మే ఉద్దేశంతో టైల్సు మార్పించి, రంగులు వేయించిన ఖర్చు ధరలో తిరిగి రావడం అరుదు. మరమ్మతు ఆ ఇంట్లో ఉండబోయేవారికే గిట్టుబాటవుతుంది కనుక, వచ్చే పదేళ్లు అందులో ఎవరు కాపురం ఉంటారో ముందుగా తేల్చుకోవాలి.

అమ్మినా, బాగు చేయించినా కాగితాలు సరిచేయక తప్పదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం, ఇల్లు తండ్రి స్వార్జితమై, ఆయన వీలునామా రాయకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, బతికి ఉంటే ఆయన తల్లి సమాన వారసులు. పిత్రార్జితమైతే, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఆంధ్రప్రదేశ్ 1986లో ఇచ్చిన సమాన హక్కును ఆ చట్టానికి 2005లో వచ్చిన కేంద్ర సవరణ కూతుళ్లందరికీ వర్తింపజేసింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం ఇది కదిలించదు. కాబట్టి అక్కచెల్లెళ్లను అడగకుండా ఒక కొడుకు తన డబ్బుతో ఇల్లు బాగు చేయించడం తగువును కొని తెచ్చుకోవడమే. భాగపరిష్కార పత్రమో, హక్కు విడుదల పత్రమో రిజిస్టరయ్యాకే మేస్త్రీని పిలవాలి. ఈసీలో (ఆస్తిపై జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), లింకు డాక్యుమెంట్లలో (పాత యజమానుల నాటి పత్రాలు), ఇంటి పన్ను రసీదులో పేర్లు, కొలతలు పొంతన కుదురుతున్నాయో లేదో చూడాలి. గ్రామకంఠంలోని, అంటే ఊరి పాత నివాస స్థలంలోని, చాలా ఇళ్లకు రిజిస్టరైన పత్రమే ఉండదు. అలాంటప్పుడు కొనేవారికి బ్యాంకు రుణం దొరకడం కష్టమై, ధర పడిపోతుంది.

తర్వాత చూడవలసింది కట్టుబడి. 1970లు, 80ల నాటి స్లాబు ఇళ్లకు అసలు జబ్బు చువ్వల తుప్పు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, తనను కప్పిన కాంక్రీటును పగలగొట్టి పెచ్చులుగా రాలుస్తుంది. కాకినాడ, మచిలీపట్నం వంటి చోట్ల ఉప్పుగాలికి తోడు, కట్టేటప్పుడు ఉప్పునీళ్లు వాడి ఉంటే ఇది మరింత త్వరగా వస్తుంది. నిచ్చెన వేసుకుని చిన్న సుత్తితో స్లాబు అడుగుభాగాన్ని వరుసగా తట్టి చూస్తే, గట్టిగా ఉన్నచోట ఖంగున మోగుతుంది, పొర విడిచినచోట డొల్లగా వినిపిస్తుంది. పెచ్చు ఊడినచోట వైరు బ్రష్షుతో చువ్వను గీకి, దాని మందం ఎంత మిగిలిందో చూడాలి. సిమెంటు పూసి రంగు వేస్తే ఒకటి రెండు వానాకాలాలు కనపడకుండా ఉంటుంది గాని లోపలి తుప్పు ఆగదు. అందుకే మేస్త్రీ మాటతో సరిపెట్టుకోకుండా స్ట్రక్చరల్ ఇంజినీరు చేత, పగలగొట్టకుండానే కాంక్రీటు గట్టిదనాన్ని అంచనా వేసే రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు చేయించాలి.

గుంటూరు, కర్నూలు వైపు నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది; దానితోపాటు గోడలూ కదులుతాయి. పగులు చివర పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేసి, ఒక వేసవి, ఒక వానాకాలం గడిచాక చూస్తే, ఆ గీత దాటనిది ఎప్పుడో సర్దుకున్న పాత పగులు. తలుపు మూల నుంచి ఏటవాలుగా సాగుతూ వెడల్పవుతుంటే లోపం పునాదిలో ఉన్నట్టు. గానుగ సున్నంతో కట్టిన ఇళ్లు వేరు. వాటి మీద సిమెంటు ప్లాస్టరింగు చేస్తే చెమ్మ బయటికి పోలేక గోడ లోపలే నిలుస్తుంది. నా మట్టుకు, 1980ల స్లాబు ఇంటికంటే టేకు దూలాలున్న పాత పెంకుటిల్లే బాగు చేయించడానికి అనువైనది. చెదలు పట్టిన వాసాన్ని, పగిలిన పెంకును ఒక్కొక్కటిగా మార్చుకోవచ్చు.

రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో చాలా ఇళ్లు ఇప్పుడు వీధికి పల్లమయ్యాయి. వాన పడితే గుమ్మంలోకి నీళ్లు వచ్చే ఇంటికి లోపల ఎంత పెట్టినా వృథా. జాకీలతో ఇల్లు లేపేవారు ఉన్నారు గాని, ఆ ఖర్చు, చువ్వల ఖర్చు కలిస్తే అమ్మడమో, పడగొట్టడమో మేలు. వాస్తు కోసం గోడ తీయించే ముందూ ఆగాలి: పిల్లర్లు లేని ఇళ్లలో స్లాబు బరువంతా ఆ గోడల మీదే ఉంటుంది. పడగొట్టి కట్టాలంటే ఇప్పటి నిబంధనల ప్రకారం స్థలం పరిమాణాన్ని బట్టి ఖాళీ, రోడ్డు విస్తరణకు స్థలం వదలాలి; ఇరుకు వీధిలోని చిన్న స్థలంలో కొత్త ఇంటి కింది అంతస్తు పాతదానికంటే చిన్నది కావచ్చు.

ఒక లెక్క వేద్దాం. 200 గజాలు, గజం 30 వేలు అనుకుంటే స్థలం 60 లక్షలు. వైరింగు, పైపులతో సహా మరమ్మతుకు 15 లక్షలు పెట్టి, నెలకు 12 వేలకు అద్దెకిస్తే ఏడాదికి వచ్చేది 1.44 లక్షలు. 75 లక్షల మీద అది రెండు శాతమైనా కాదు. అద్దె కోసమే అయితే బాగు చేయించవద్దని నా సలహా. సొంతంగా ఉండేవారు మాత్రం, మరమ్మతు అంచనా అంతే విస్తీర్ణంలో కొత్త ఇల్లు కట్టే ఖర్చులో సగానికి లోపే ఉంటే ధైర్యంగా దిగవచ్చు.

అమ్మేటప్పుడు లాభంపై పన్ను 12.5 శాతం. 2024 జులై 23కి ముందు సంక్రమించిన ఇంటికి, దేశంలో నివసించేవారు ద్రవ్యోల్బణ సూచీ లెక్కతో (కొన్న ధరను ధరల పెరుగుదల మేరకు పెంచి) 20 శాతాన్ని ఎంచుకునే వీలుంది; విదేశాల్లో ఉన్న తోబుట్టువులకు ఆ వీలు లేదు. 2001కి ముందు కట్టిన ఇంటికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా చూపవచ్చు, దానికి ఆస్తుల విలువ కట్టే రిజిస్టర్డ్ వాల్యూయర్ నివేదిక తీసుకోవాలి. విదేశంలోని వారసుల వాటాలో కొనేవారు సాధారణంగా లాభం మీద కాక పూర్తి ధర మీదే పన్ను కోస్తారు కాబట్టి, కోత తగ్గించే సర్టిఫికెట్‌ను బేరం కుదిరే సమయానికే ఆదాయపు పన్ను శాఖ నుంచి తెచ్చుకోవాలి. వారు పంపే పవర్ ఆఫ్ అటార్నీకి, అది భారతదేశానికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి.